మోనార్క్ సీతాకోకచిలుకలకు పెరట్లో మిల్క్‌వీడ్: విత్తనం ఎంపిక నుంచి రెండో వసంతం దాకా

"విత్తనాలు వేసి నెలన్నర అయింది, ఒక్కటీ మొలవలేదు." "కాండం నిండా పసుపు పురుగులు పట్టాయి, వేపనూనె కొట్టొచ్చా?" "నర్సరీ నుంచి మొక్క తెచ్చాం, దాని మీద పిల్ల పురుగులన్నీ రెండు రోజుల్లో చచ్చిపోయాయి, ఎందుకు?"

అమెరికాలో సొంత పెరడు ఉన్న మన వాళ్లు ఏటా వసంతం రాగానే అడిగే ప్రశ్నలు ఇవే. మొదటిదానికి, మూడోదానికి జవాబు మొక్క నేలలోకి దిగకముందు చేయాల్సిన పనుల్లో ఉంది. అందుకే ఇక్కడ సగం దాకా నాటడానికి ముందు సంగతులే చెబుతున్నాను. ఓపికగా చదవండి, తర్వాత పని తేలిక.

ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకోండి. మోనార్క్ గొంగళిపురుగు మిల్క్‌వీడ్ ఆకు తప్ప మరొకటి తిని పెరగలేదు. ఈ మొక్క మన జిల్లేడు కుటుంబానిదే, తుంచితే చాలా జాతుల్లో అలాగే పాలు కారతాయి. మనం దీన్ని పెంచేది పురుగు తినడానికి. ఆకులు చిల్లులు పడి, కొన్నిసార్లు కాడలు మాత్రమే మిగిలితే మొక్క పనిచేసినట్టు లెక్క.

1. మీ ఊరికి ఏ మిల్క్‌వీడ్ సొంతమో తేల్చుకోండి

అమెరికాలో స్థానిక మిల్క్‌వీడ్ జాతులు 70కి పైగా ఉన్నాయి. మీ పెరటికి కావలసినవి రెండో మూడో. ఏది దొరికితే అది కొనేయడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు.

*న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియా, ఒహాయో, ఇల్లినాయ్, మిషిగన్ వైపు వాళ్లకు* మూడు ఉన్నాయి.

స్వాంప్ మిల్క్‌వీడ్ (అస్క్లీపియస్ ఇన్కార్నాటా): గులాబీ పూలు, మూడు నుంచి ఐదు అడుగుల ఎత్తు. బంకమట్టిలోనూ, డౌన్‌స్పౌట్ (ఇంటి కప్పు వాన నీరు దించే గొట్టం) నీళ్లు పడి తడిగా ఉండే మూలలోనూ బాగా పెరుగుతుంది. ఉన్నచోటే గుబురుగా ఉంటుంది, పాకిపోదు. మొదటిసారి పెంచేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

బటర్‌ఫ్లై వీడ్ (అస్క్లీపియస్ ట్యూబరోసా): నారింజ పూలు, సాధారణంగా రెండు అడుగుల ఎత్తు. నీరు నిలవని నేల, నిండు ఎండ కావాలి. ఇంటి ముందు పెట్టుకోవడానికి అందంగా ఉంటుంది. గుడ్లు పెట్టడానికి మోనార్క్‌లు మిగతా రెండిటినే ఎక్కువ ఇష్టపడతాయి కాబట్టి ఇదొక్కటే వేసి ఊరుకోవద్దు.

కామన్ మిల్క్‌వీడ్ (అస్క్లీపియస్ సిరియాకా): వెడల్పాటి ఆకులు, గొంగళిపురుగులకు కడుపునిండా మేత. నేల కింద వేరు కాండాలతో పాకుతూ ఏటా కొత్త చోట పైకి వస్తుంది. చిన్న పెరట్లో, ముఖ్యంగా కూరగాయల మడి పక్కన వేయకండి. వెనక కంచె దాటి ఖాళీ స్థలం ఉంటే మాత్రం ఇంతకు మించింది లేదు.

*డాలస్, ఆస్టిన్ వైపు* ఆంటెలోప్ హార్న్స్ (అస్క్లీపియస్ ఆస్పెరులా), గ్రీన్ మిల్క్‌వీడ్ (అస్క్లీపియస్ విరిడిస్) సరైనవి. మెక్సికోలో చలికాలం గడిపిన మోనార్క్‌లు మార్చి, ఏప్రిల్‌లో టెక్సస్ చేరి, ఆ ఏటి మొదటి గుడ్లు అక్కడే పెడతాయి. ఉత్తరాదికి వెళ్లేవి ఆ గుడ్ల సంతానమే. అందుకే టెక్సస్‌లో ఉన్నవాళ్ల పెరడు మిగతా అందరి కంటే ముందు సిద్ధం కావాలి.

*జార్జియా, కరోలినాల్లో* బటర్‌ఫ్లై వీడ్, స్వాంప్ మిల్క్‌వీడ్. *ఫ్లోరిడాలో* వీటికి తోడు తడి నేలకు అక్వాటిక్ మిల్క్‌వీడ్ (అస్క్లీపియస్ పెరెన్నిస్).

*కాలిఫోర్నియాలో* నారోలీఫ్ మిల్క్‌వీడ్ (అస్క్లీపియస్ ఫాసిక్యులారిస్), షోయీ మిల్క్‌వీడ్ (అస్క్లీపియస్ స్పెసియోసా). అయితే పసిఫిక్ గ్రోవ్, పిస్మో బీచ్ లాంటి తీర ప్రాంతాల్లో మోనార్క్‌లు చెట్ల మీద గుంపులుగా చలికాలం గడుపుతాయి. ఆ విడిదుల చుట్టుపక్కల మిల్క్‌వీడ్ వేస్తే అవి విశ్రాంతి తీసుకోవాల్సిన కాలంలో గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. మధ్య, ఉత్తర కాలిఫోర్నియా తీరానికి 5 మైళ్ల లోపు ఇల్లు ఉంటే మిల్క్‌వీడ్ మానేసి పూల మొక్కలు మాత్రమే పెట్టండి.

*సియాటిల్, రెడ్‌మండ్, బోథెల్ వాళ్లకు* చెప్పడానికి బాధగా ఉన్నా ఇదే నిజం: క్యాస్కేడ్ కొండలకు పడమర వైపు మిల్క్‌వీడ్ సహజంగా పెరగదు, మోనార్క్‌లు వచ్చేదీ చాలా అరుదు. అక్కడి తేనెటీగలకూ ఇతర సీతాకోకచిలుకలకూ పనికొచ్చే స్థానిక పూల మొక్కలు వేయండి.

మీ రాష్ట్రం పైన లేకపోతే ఆస్టిన్‌లోని లేడీ బర్డ్ జాన్సన్ వైల్డ్‌ఫ్లవర్ సెంటర్ వెబ్‌సైట్‌లో స్థానిక మొక్కలను రాష్ట్రం వారీగా వెతుక్కోవచ్చు.

2. ట్రాపికల్ మిల్క్‌వీడ్‌ను గుర్తుపట్టి వదిలేయండి

స్టోర్లలో ఎక్కువగా దొరికేది, తేలిగ్గా మొలిచేది, చవకగా వచ్చేది అస్క్లీపియస్ కురస్సావికా. ఎర్రటి రేకులు, మధ్యలో పసుపు. చూడముచ్చటగా ఉంటుంది, మోనార్క్‌లు కూడా దాని మీద వాలతాయి. చిక్కు వేరేచోట ఉంది.

స్థానిక జాతులు శరదృతువు చివరికల్లా ఎండిపోతాయి. టెక్సస్ దక్షిణం, ఫ్లోరిడా, దక్షిణ కాలిఫోర్నియాల్లో ఇది మాత్రం చలికాలమంతా పచ్చగానే ఉంటుంది. కొన్ని మోనార్క్‌ల ఒంటి మీద ఓఈ అని పిలిచే ఏకకణ పరాన్నజీవి ఉంటుంది. సీతాకోకచిలుక వాలినప్పుడు దాని బీజాలు ఆకు మీద రాలతాయి, ఆ ఆకు తిన్న గొంగళిపురుగు కడుపులోకి చేరతాయి. ఏటా ఆకులు రాలిపోతే ఆ బీజాలూ వాటితో పోతాయి. ఆకు ఎప్పుడూ నిలిచి ఉంటే తరం తర్వాత తరం పోగవుతూనే ఉంటాయి. జబ్బు ముదిరిన పురుగు గూడు నుంచి బయటికి వచ్చాక రెక్కలు సరిగా విప్పుకోలేదు. 2022లో కాలిఫోర్నియా ఈ మొక్కను హానికరమైన కలుపు జాబితాలో చేర్చింది.

కొన్నిచోట్ల దీన్నే "బటర్‌ఫ్లై వీడ్" అని చీటీ తగిలించి అమ్ముతారు. చీటీని నమ్మకుండా ఇలా చూడండి.

☐ ఒక ఆకు కొస తుంచండి. తెల్లటి పాలు కారితే అది అసలు బటర్‌ఫ్లై వీడ్ కాదు. అసలుదానికి పాలు రావు, నీళ్లలాంటి రసమే వస్తుంది.
☐ అసలు బటర్‌ఫ్లై వీడ్ కాండం, ఆకులు నూగుగా ఉంటాయి. ట్రాపికల్ రకం ఆకు నున్నగా ఉంటుంది.
☐ ట్రాపికల్ రకంలో ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. అసలుదానిలో ఒకటి విడిచి ఒకటి.

ఇప్పటికే మీ పెరట్లో ట్రాపికల్ రకం ఉందా? వెంటనే పీకేయనక్కర్లేదు. స్థానిక మొక్కలు కుదురుకునే దాకా, వెచ్చటి ప్రాంతాల్లో ఏటా అక్టోబరు చివర నేలకు ఆరు అంగుళాల ఎత్తున కత్తిరించి, ఫిబ్రవరి దాకా చిగురు వచ్చినప్పుడల్లా కత్తిరిస్తూ ఉండండి. తర్వాత తీసేయండి.

"ఇండియా నుంచి జిల్లేడు విత్తనాలు తెచ్చి వేస్తే?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. వద్దు. మన జిల్లేడు గడ్డకట్టే చలికి ఆగదు. ఫ్లోరిడాలో బతికినా, ఏడాదంతా ఆకు నిలిచే మొక్క కాబట్టి పైన చెప్పిన చిక్కే. పైగా అనుమతి పత్రాలు లేకుండా విత్తనాలు అమెరికాకు తీసుకురావడం నిబంధనలకు విరుద్ధం.

3. చోటు చూసుకోండి

రోజుకు కనీసం ఆరు గంటల నేరు ఎండ పడాలి. నీడలో మొక్క సాగి పడిపోతుంది, పూలు రావు.

మోనార్క్ ఒక్కో ఆకు మీద ఒక్కో గుడ్డు చొప్పున పెట్టుకుంటూ పోతుంది. ఒక గొంగళిపురుగు పెద్దదయ్యేలోపు ఇరవైకి పైగా ఆకులు తింటుంది. ఒకటి రెండు మొక్కలు పెడితే వారంలో మేత అయిపోతుంది. కనీసం పది మొక్కలు, రెండు జాతులు కలిపి పెట్టేంత చోటు చూడండి. మొక్కకూ మొక్కకూ అడుగున్నర నుంచి రెండు అడుగులు వదిలితే నాలుగడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు మడి సరిపోతుంది.

☐ గోంగూర, పాలకూర, మెంతికూర మడులకు దూరంగా ఉందా? మిల్క్‌వీడ్ విషపూరితం. వేసవికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు పెరట్లో ఆకుకూరలు కోస్తుంటారు, వాళ్లకు మొక్క చూపించి చెప్పండి.
☐ పిల్లలు ఆడుకునే చోటికి, కుక్క తిరిగే దారికి ఎడంగా ఉందా?
☐ గొట్టం అందుతుందా? మొదటి ఏడాది నీళ్లు పెట్టాలి.
☐ గడ్డికి మందు కొట్టే కంపెనీ, దోమల మందు కొట్టే కంపెనీ వస్తుంటాయా? ఆ మడికి దూరంగా ఉండమని రాతపూర్వకంగా చెప్పండి. దోమల మందు దోమకు చేసేదే గొంగళిపురుగుకూ చేస్తుంది. పక్కింటివాళ్లు కొట్టిస్తుంటే వాళ్ల కంచె పక్క కాకుండా మరోచోటు చూసుకోవడమే మంచిది.
☐ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నియమాలు చదివారా? ఇంటి ముందైతే పొట్టి రకాలు వేసి, మడి చుట్టూ రాళ్లతోనో ఇటుకలతోనో అంచు కట్టండి. అంచు కట్టిన మడిని ఎవరూ కలుపు అనరు. కాన్సస్ విశ్వవిద్యాలయంలోని మోనార్క్ వాచ్ సంస్థ దగ్గర మీ తోటను "మోనార్క్ వేస్టేషన్"గా నమోదు చేయించుకుని, బోర్డు తెప్పించి పెట్టుకుంటే ఇంకా మాట రాదు.

4. శుభ్రమైన మొక్క, సరైన విత్తనం సంపాదించండి

మొదట్లో చెప్పిన మూడో ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. నర్సరీల్లో మొక్కలకు నియోనికోటినాయిడ్ జాతి పురుగుమందులు వాడటం ఉంది. అవి ఆకు మీద కాదు, మొక్క లోపల రసంలో ఉంటాయి. కడిగితే పోవు. నెలల తరబడి నిలుస్తాయి. మిల్క్‌వీడ్ మీద ఒక్క పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగు) కూడా లేకుండా అద్దంలా మెరుస్తుంటే నాకు అనుమానమే. నర్సరీలో ఆకు మీద రెండు చిల్లులు కనిపిస్తే ఆ మొక్కే తెచ్చుకోండి.

కొనేముందు అడగాల్సినవి:

☐ శాస్త్రీయ నామం ఏమిటి?
☐ మీరు గానీ, మీకు సరఫరా చేసిన తోటవాళ్లు గానీ నియోనికోటినాయిడ్లు వాడారా? "మా దగ్గర కొట్టలేదు" అన్న జవాబు చాలదు, ముందు పెంచినవాళ్ల సంగతి తెలియాలి.
☐ ఎక్కడి విత్తనంతో పెంచారు? మీ రాష్ట్రానికి దగ్గరిదైతే మేలు.

స్థానిక మొక్కల సంఘాలు ఏప్రిల్, మే నెలల్లోనూ, మళ్లీ సెప్టెంబరులోనూ పెట్టే అమ్మకాల్లో మంచివి దొరుకుతాయి. విత్తనం, మొక్కలు ఎక్కడ దొరుకుతాయో జెర్సీస్ సొసైటీ (కీటకాల సంరక్షణ సంస్థ), మోనార్క్ వాచ్ వెబ్‌సైట్లలో రాష్ట్రం వారీగా చూసుకోవచ్చు. "మోనార్క్ మిక్స్" అని వచ్చే కలగాపులగం ప్యాకెట్ల మీద డబ్బు పెట్టకండి. అందులో ఏ జాతి ఎంత ఉందో తెలియదు.

5. విత్తనానికి చలి చూపించండి

ఇక మొదటి ప్రశ్న. చాలా స్థానిక జాతుల విత్తనం తడి చలిలో కొన్ని వారాలు ఉంటే గానీ మొలవదు. శరదృతువులో రాలిన విత్తనం వెంటనే మొలిస్తే మంచుకు చచ్చిపోతుంది కాబట్టి, చలికాలం గడిచిందని తెలిసే దాకా అది ఆగుతుంది. మెంతులూ ధనియాలూ చల్లినట్టు ఏప్రిల్‌లో ప్యాకెట్ విప్పి నేరుగా చల్లితే ఒకటీ అరా వస్తాయి, మిగతావి రావు. దారులు మూడు.

*(అ) నవంబరులో నేరుగా నేలలో.* ఇది అన్నిటికంటే తేలిక. చలి ముదిరాక, నేల గడ్డకట్టక ముందు, గడ్డి తీసేసిన నేలను పైపైన గీరి విత్తనం వేయండి. పావు అంగుళం మట్టి కప్పి చేత్తో అదమండి. మిగతాది చలికాలం చూసుకుంటుంది. ఎలుకలు, పిట్టలు కొంత తినేస్తాయి కాబట్టి నాలుగింతలు వేయండి. మడికి గుర్తు పెట్టడం మరవొద్దు.

*(ఆ) జనవరిలో పాల డబ్బాలో.* పెరుగు తోడేసే ఇంట్లో గ్యాలన్ పాల డబ్బాలకు కొదవుండదు. డబ్బాను అడుగు నుంచి నాలుగు అంగుళాల ఎత్తులో చుట్టూ కోయండి, పిడి దగ్గర కొంచెం వదిలేస్తే మూతలా తెరుచుకుంటుంది. అడుగున ఏడెనిమిది చిల్లులు పెట్టండి. మూడంగుళాల పాటింగ్ మిక్స్ పోసి తడిపి, విత్తనాలు అంగుళం ఎడంతో పరిచి, పైన పలచగా మట్టి చల్లండి. టేపు చుట్టి, మూత బిరడా తీసేసి, బయట మంచులో పెట్టేయండి. మంచు, వాన లోపల పడాలి. ఏప్రిల్‌లో మొలకలు వస్తాయి. ఎండ ముదిరితే పైభాగం తెరిచి పెట్టండి, లేకపోతే లోపల ఉడికిపోతాయి. చలి రాష్ట్రాల వాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఈ పద్ధతే. ఎలుకల బెడద లేదు, గదిలో లైట్లు అక్కర్లేదు, మొక్క మొదటి నుంచీ బయటి గాలికి అలవాటు పడుతుంది.

*(ఇ) ఫ్రిజ్‌లో.* టెక్సస్, కాలిఫోర్నియా, జార్జియా వాళ్లకు, జనవరి దాటిపోయాక గుర్తొచ్చినవాళ్లకు ఇదే దిక్కు.

పేపర్ టవల్ తడిపి, నీళ్లు కారకుండా గట్టిగా పిండండి. విత్తనాలు పరిచి మడిచి జిప్‌లాక్ సంచిలో పెట్టండి. తేదీ, జాతి పేరు సంచి మీద రాయండి. ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచండి, ఫ్రీజర్‌లో కాదు. కనీసం 30 రోజులు, వీలైతే ఆరు వారాలు. ఇంట్లోవాళ్లకు చెప్పండి, లేకపోతే చెత్తబుట్టలోకి పోతుంది.

వారానికోసారి తెరిచి చూడండి. బూజు కనిపిస్తే విత్తనాలు కడిగి కొత్త టవల్‌లోకి మార్చండి. టవల్ ఎండితే ఆ చలి లెక్కలోకి రాదు, తడి ఉండాలి. గడువయ్యాక గోరువెచ్చటి నీళ్లలో ఒక రోజు నానబెట్టి, లోతైన కుండీల్లో పావు అంగుళం లోపల వేసి, 70 నుంచి 80 డిగ్రీల ఫారన్‌హీట్ వెచ్చదనంలో ఉంచితే వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తాయి. కిటికీ వెలుతురు సాధారణంగా చాలదు. మొలకలు సన్నగా సాగిపోతుంటే గ్రో లైటును (మొక్కలు పెంచే దీపం) వాటికి రెండు మూడంగుళాల పైకి దించండి.

6. నాటడం

మొలకలు మూడు, నాలుగు అంగుళాలు పెరిగి, మీ ఊళ్లో మంచు భయం పోయాక నాటండి. న్యూజెర్సీలో మే మధ్య, డాలస్‌లో మార్చి చివర. ఇంట్లో పెంచినవైతే వారం పది రోజులు బయట నీడలో మొదలుపెట్టి కొంచెం కొంచెం ఎండ పెంచండి. నేరుగా ఎండలో పెడితే ఆకు తెల్లబడి మాడిపోతుంది.

గొయ్యి వేరు ముద్ద కంటే కొంచెం వెడల్పుగా తవ్వండి, లోతు మాత్రం అంతే. ఎరువు, పశువుల పేడ, కంపోస్ట్ దట్టించనక్కర్లేదు. వంకాయకీ బెండకీ చేసే సేవ దీనికి వద్దు, ఎక్కువైతే మెత్తటి చిగుళ్లు వేసి పేనుబంకను పిలుస్తుంది. వేరు ముద్దను విడదీయకండి. ముఖ్యంగా బటర్‌ఫ్లై వీడ్‌కు తల్లివేరు లోతుకు దిగుతుంది, అది తెగితే కోలుకోవడం కష్టం. నాటిన చోటు నుంచి తర్వాత కదిలించకండి.

చుట్టూ రెండంగుళాల మల్చ్ (చెక్క పొట్టో ఎండాకులో) వేయండి, కాండాన్ని తాకనివ్వకండి. మొదటి నెల వారానికి రెండుసార్లు లోతుగా నీళ్లు పెట్టండి. తర్వాత వారానికోసారి. రెండో ఏడాది నుంచి స్వాంప్ మిల్క్‌వీడ్‌కు తప్ప మిగతావాటికి వాన చాలు.

పాలు కంట్లో పడితే చూపు మసకబారి, చాలా నొప్పి పెడుతుంది. చేతి తొడుగులు వేసుకోండి, పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి, అంతవరకు ముఖం తుడుచుకోవద్దు. పడితే నీళ్లతో బాగా కడిగి వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

విత్తనం నుంచి పెంచిన మొక్క మొదటి ఏడాది పూయకపోవచ్చు, ఎత్తూ పెద్దగా పెరగదు. బలమంతా వేరులోకి పోతోంది. దిగులుపడి పీకి చూడకండి.

7. గుడ్డు, పురుగు గుర్తుపట్టండి

ఏ పని చేసే ముందైనా, కత్తిరించే ముందు, నీళ్లు చిమ్మే ముందు, ఆకు తిప్పి చూడటం అలవాటు చేసుకోండి.

గుడ్డు గుండుసూది తలంత, మీగడ రంగు. ఎక్కువగా లేత ఆకు అడుగున, ఒంటరిగా ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే కొస నుంచి అడుగు దాకా నిలువు గీతలు దేరి కనిపిస్తుంది. పాల చుక్క ఎండినా తెల్లగానే ఉంటుంది గానీ దానికి గీతలు ఉండవు. నాలుగైదు రోజుల్లో పైభాగం నల్లబడిందంటే లోపల పురుగు తల కనిపిస్తోందన్నమాట.

పిల్ల పురుగు ముందు తన గుడ్డు పెంకునే తినేసి, తర్వాత ఆకు మీద చిన్న గుండ్రటి గాటు పెట్టి, ఆ వలయం మధ్యలో తింటుంది. పాలు ఉధృతంగా వస్తే దాని నోరు అతుక్కుపోతుంది, వలయం కొరికితే ఆ ఒత్తిడి తగ్గుతుంది. పెద్దదయ్యాక ఇంకో పని చేస్తుంది: ఆకు కాడ మొదట్లో కొరికి పాలు కారిపోనిస్తుంది. ఆకు జెండాలా కిందికి వాలుతుంది, అప్పుడు కొస నుంచి తింటూ వస్తుంది. పచ్చగా ఉన్న మొక్కకు ఒక్క ఆకు మాత్రం కాడ దగ్గర విరిగి వేలాడుతుంటే దాన్ని తిప్పి చూడండి, పురుగు అక్కడే ఉంటుంది. వాలిన ఆకు కదా అని తెంపేయకండి.

తెలుపు, పసుపు, నలుపు చారలు, ముందు ఒక జత, వెనక ఒక జత నల్లటి మీసాలు ఉంటే మోనార్క్. టెక్సస్, ఫ్లోరిడాల్లో నడుం మీద కూడా మూడో జత కనిపిస్తే అది క్వీన్ సీతాకోకచిలుక పిల్ల. అదీ మిల్క్‌వీడ్ మీదే బతుకుతుంది, ఉండనివ్వండి.

రెండు వారాలు తిన్నాక పురుగు మాయమవుతుంది. పిట్ట ఎత్తుకుపోయిందని చాలామంది బాధపడతారు. తరచూ అది ప్యూపా (గూడు) కట్టుకోవడానికి కంచెకో, కుర్చీ కిందికో, పక్క మొక్కకో నడిచి వెళ్లి ఉంటుంది. బంగారు చుక్కలున్న లేత ఆకుపచ్చ ప్యూపా కనిపిస్తే తాకకండి. పది పన్నెండు రోజుల్లో రెక్కలు బయటికి వస్తాయి.

8. వేపనూనె సీసా పక్కన పెట్టండి

కాండం నిండా ముద్దలు ముద్దలుగా పసుపు రంగు, నల్లటి కాళ్లు ఉన్నవి పేనుబంక. మన ఊళ్లలో జిల్లేడుకూ గన్నేరుకూ పట్టేది కూడా ఇదే జాతి. అసహ్యంగా కనిపిస్తుంది గానీ, కుదురుకున్న మొక్కను చంపదు, గొంగళిపురుగుకు హాని చేయదు.

వేపనూనె సహజమైనదే, కాదనను. కూరగాయల మీద పురుగును ఆపేదీ అదే. ఆ గుణమే మోనార్క్ పిల్లను కూడా తినకుండా, పొర విడవకుండా చేస్తుంది. కూరగాయల మీద గొంగళిపురుగులకు వాడే బీటీ మందు మరీ ప్రమాదం, అది తయారైందే గొంగళిపురుగులను చంపడానికి. పక్క మడిలో క్యాబేజీకి కొట్టినా గాలికి ఇటు పడుతుంది. సబ్బు నీళ్లు కూడా గుడ్లు, పిల్లలు ఉన్న కొమ్మ మీద కొట్టొద్దు.

చేయాల్సింది ఇది:

☐ ముందు గుడ్లు, పిల్లల కోసం ఆకులు తిప్పి చూడండి.
☐ ఏమీ లేని కాండాలను ఒక చేత్తో పట్టుకుని గొట్టం నీళ్లు గట్టిగా చిమ్మండి. రెండు మూడు రోజులకోసారి.
☐ గుడ్లు ఉన్నచోట తొడుగు వేసుకున్న వేళ్లతో నలిపేయండి, లేదా వదిలేయండి.
☐ ఉబ్బి గోధుమ రంగుకు మారిన పేనుబంక కనిపిస్తే వాటిని ఉంచండి. వాటి లోపల చిన్న కందిరీగ పిల్లలు పెరుగుతున్నాయి, అవి బయటికి వచ్చి మిగతా పేనుబంకను చూసుకుంటాయి.

నారింజ, నలుపు రంగుల్లో కాయల మీద గుంపు కట్టేవి మిల్క్‌వీడ్ బగ్స్. అవి విత్తనం తింటాయి, ఆకు కాదు. విత్తనం కావాలనుకుంటే కాయలకు పలుచటి గుడ్డ సంచి కట్టండి. నల్లటి, తెల్లటి, నారింజ కుచ్చులతో బొచ్చుగా, గుంపుగా తినేవి టసాక్ చిమ్మట పిల్లలు. అవీ ఇక్కడివే. ఒక్క మొక్కను బోడి చేస్తాయి, మళ్లీ చిగురిస్తుంది.

న్యూయార్క్, న్యూ ఇంగ్లండ్ వైపు కంచెలకు అల్లుకుని, చిన్న ముదురు ఊదా పూలు పూసే బ్లాక్ స్వాలోవర్ట్ తీగను మాత్రం వేళ్లతో తవ్వి తీసేయండి. మోనార్క్ దాన్ని మిల్క్‌వీడ్ అనుకుని గుడ్లు పెడుతుంది, పిల్లలు దాని మీద బతకవు.

9. ఇంట్లో జాలీ డబ్బాలో పెంచాలా?

పిల్లలకు చూపించడానికి ఒకటి రెండు పెంచడంలో తప్పులేదు, డబ్బా శుభ్రంగా ఉంచితే. పదులకొద్దీ తెచ్చి ఒకచోట పెంచొద్దు. ఇరుకులో ఓఈ జబ్బు ఒకదాని నుంచి ఒకదానికి సోకుతుంది. కాలిఫోర్నియాలో అనుమతి లేకుండా మోనార్క్‌లను పట్టుకోవడం, పెంచడం చట్టవిరుద్ధం. బయట చాలా పిల్లలు చీమలకూ సాలీళ్లకూ బలవుతాయి, చూడటానికి కష్టంగా ఉంటుంది. అయినా ఆడ మోనార్క్ వందల గుడ్లు పెట్టేది అందుకే. మీరు చేయగల మేలు ఇంకో పది మొక్కలు పెట్టడమే.

10. పూలు కూడా కావాలి

ఆకు పిల్లలకు, తేనె పెద్దవాటికి. సెప్టెంబరు, అక్టోబరుల్లో మెక్సికో దారి పట్టినప్పుడు తేనె అత్యవసరం. ఉత్తరాదిలో న్యూ ఇంగ్లండ్ ఆస్టర్, గోల్డెన్‌రాడ్, లయాట్రిస్ వేయండి. టెక్సస్‌లో ఫ్రాస్ట్‌వీడ్, గ్రెగ్స్ మిస్ట్‌ఫ్లవర్. వీటికి తోడు జిన్నియాలు ఒక వరస చల్లుకుంటే మొదటి ఏడాదే ఫలితం కనిపిస్తుంది.

ఉత్తరాదిలో కామన్ మిల్క్‌వీడ్ పెట్టినవాళ్లు జూన్ చివర గానీ జులై మొదట్లో గానీ, గుడ్లు లేవని చూసుకుని, మూడింట ఒక వంతు కాండాలను సగానికి కత్తిరించండి. ఆగస్టుకల్లా లేత చిగుళ్లు వస్తాయి. వలస పోయే తరం పుట్టే గుడ్లను తల్లి మోనార్క్‌లు పెట్టేది ముదురు ఆకు కంటే వాటి మీదే ఎక్కువ.

11. శరదృతువు నుంచి రెండో వసంతం దాకా

కాయ పచ్చగా ఉండగా కోయకండి. గోధుమ రంగుకు తిరిగి, అతుకు మీద బొటనవేలితో నొక్కగానే విచ్చుకుంటే విత్తనం పండినట్టు. లోపల విత్తనం కూడా గోధుమ రంగులో ఉండాలి, తెల్లగా ఉంటే మొలవదు. కాయ పూర్తిగా విచ్చకముందే దూది కొసను వేళ్లతో గట్టిగా పట్టుకుని విత్తనాలను కిందికి గీకేస్తే ఇల్లంతా దూది ఎగరదు. కాగితపు కవరులో వారం ఆరనిచ్చి దాచుకోండి, లేదా నవంబరులో మళ్లీ చల్లేయండి.

ఎండిన కాండాలను శరదృతువులో నేలమట్టం చేయకండి. వసంతంలో అడుగు ఎత్తున కత్తిరించి మిగతాది వదిలేస్తే, గొట్టంలాంటి ఆ కాండాల్లో చిన్న తేనెటీగలు గూళ్లు పెడతాయి.

వసంతంలో మిల్క్‌వీడ్ ఆలస్యంగా లేస్తుంది. పెరడంతా పచ్చబడ్డాక, మే నెలలో కూడా బటర్‌ఫ్లై వీడ్ చోటు బోడిగానే ఉండొచ్చు. చచ్చిపోయిందనుకుని ఆ మడి తవ్వి టమాటా నారు వేసేవాళ్లు చాలామంది. ప్రతి మొక్క పక్కనా శరదృతువులోనే ఒక పుల్ల గుచ్చి, పేరు రాసి ఉంచండి. జూన్ మొదటి వారం దాకా అక్కడ పార దింపొద్దు.